సైనికుల సూదిపని

రణరంగమునుండి మరలిన సైనికుని దేహమునందలి గాయము మానినను మనోవ్యథ మానదు. దానిని ఇంటిల్లిపాదియు అనుభవింతురు. ఇట్టివారికి కళయే ఔషధమైన వృత్తాంతమొకటి మనవిచేసెదను.

1914లో ఆరంభమైన మహాయుద్ధమున గాయపడి ఆస్పత్రులలో నున్న సైనికులకు ఇంగ్లండులో సూదిపని నేర్పిరి. బ్రిటను, కెనడా, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికాలకు చెందిన 138 మంది కలసి లండనులోని సెయింటు పాల్ దేవాలయమునకు వేదికావస్త్రమును కుట్టిరి. 1919 జూలైలో జరిగిన కృతజ్ఞతాప్రార్థనలో అది వేదికను అలంకరించెను. 1940లో బాంబు పడి వేదిక భగ్నమైనను, వేరుచోట దాచబడిన ఆ వస్త్రము దక్కినది. యుద్ధమున గాయపడిన నటుడు ఎర్నెస్టు థెసిజర్ ప్రోద్బలమున, ఇల్లు కదలలేని సైనికులకును ఇట్టి పని లభించెను. 1942లో ఏడ్రియన్ హిల్ అను చిత్రకారుడు ఇట్టి పద్ధతికి కళాచికిత్సయని పేరిడెను.

తుపాకి పట్టిన చేయి సూది పట్టుట చిన్నతనమని వారు తలపలేదు. పింఛను పొట్ట నింపును; నలుగురు మెచ్చు పని మనసును నిలుపును. కావున పెద్దలారా, దండునుండి వచ్చినవాడు మీ యూర మౌనముగా అరుగుపై కూర్చున్నచో జాలిమాటలతో సరిపుచ్చకుడు. బొమ్మయో, బుట్టయో, భజనయో, అతని చేతికి పనియు, నలుగురిలో చోటును కల్పింపుడు.