కిరాయి సేనలు - కోల్పోయిన సీమలు

నేడు అమెరికా, కెనడా దేశములలో ఒక నూతన వ్యాపారము సాగుచున్నది. కొన్ని ప్రైవేటు కంపెనీలు ఇతర దేశముల సేనలు విడిచిన యుద్ధవిమానములను కొని, బాగుచేసి, ప్రభుత్వ వాయుసేనలకు అద్దెకిచ్చుచున్నవి. ఈ విమానములు నిజమైన యుద్ధము చేయవు. శిక్షణకాలమున శత్రుపాత్ర ధరించును. వైమానికుడు తన విమానము వంటిదానితోనే నిత్యము తలపడినచో పరుల ఎత్తుగడ యెట్టిదో ఎరుగజాలడు. పైగా కొత్త విమానము గాలిలో నిలుచు ప్రతి గంటయు మిక్కిలి ఖరీదు. కనుకనే ఈ అద్దె శత్రువు అవసరమయ్యెను. ఫ్రాన్సు విడిచిన 63 మిరాజ్ ఎఫ్-1 విమానములను 2017లో ఒక అమెరికా కంపెనీ కొన్నది. కెనడాకు చెందిన టాప్ ఏసెస్ కంపెనీ ఇజ్రాయెలు నుండి 29 ఎఫ్-16 విమానములను కొనగా, వానిలో మొదటివి 2021లో అమెరికా చేరినవి. 2019లో అమెరికా వాయుసేన ఏడు కంపెనీలతో 640 కోట్ల డాలర్ల పరిమితికి ఒడంబడికలు చేసికొన్నది.

శ్రోతలకు ఇది వింతగా తోచవచ్చును. కాని యుద్ధవిద్యను కంపెనీల నుండి అద్దెకు తెచ్చుకొనుట తెలుగుదేశమునకు కొత్త కాదు. దాని వెల యెంతయో మన పూర్వులు చెల్లించియే యున్నారు.

1751లో సలాబత్ జంగు నిజాము గద్దె నెక్కినప్పుడు ఆయనకు అండగా నిలచినవాడు ఫ్రెంచి సేనాని బుస్సీ. బుస్సీ వెనుక నున్నది ఫ్రెంచి తూర్పు ఇండియా కంపెనీ. అనగా ఒక వర్తక సంఘము. వరుస తప్పక నడచు పటాలములు, వేగముగా కాల్చు ఫిరంగులు ఆ కంపెనీ సరకు. ఆ బలమెట్టిదో ఆదిలాబాదు సీమ తొలినాళ్లలోనే చవిచూచెను. 1752లో సలాబత్ జంగు ఔరంగాబాదు నుండి గోలకొండకు వచ్చుచుండగా నిర్మలు రాజు దారిలో ఎదిరించెను. నిజాము వెంట బుస్సీ యుండెను. ఆ పోరున రాజు హతుడయ్యెను; అతని సేన చెదరిపోయెను.

గెలుపు దక్కినది, ఇక జీతములు చెల్లింపవలెను. ఖజానాలో సొమ్ము చాలదయ్యెను. అందుచే 1753లో కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరము, శ్రీకాకుళము సర్కారుల రాబడిని బుస్సీ సేనల పోషణకై వ్రాసి యిచ్చిరి. 1758లో లాలీ పిలువగా బుస్సీ వెడలిపోయెను. మరుసటి యేడు ఇంగ్లీషువారు మచిలీపట్టణమును పట్టుకొనిరి. 1766 సంధితో సర్కారులు వారి వశమయ్యెను. అద్దె కింద ఇచ్చిన సీమ చేతులు మారినదే కాని నిజామునకు తిరిగి రాలేదు.

తరువాత వచ్చినవాడు రేమండు. ఇతడు నేరుగా నిజాము కొలువులో చేరెను. పటాలములకు కవాతు నేర్పెను, ఫిరంగులు పోయించెను. హైదరాబాదులోని గన్‌ఫౌండ్రీ పేరు నేటికిని ఆ సంగతినే చెప్పుచున్నది. 1798 మార్చిలో ఆయన మరణించెను. ఆ అక్టోబరులో జీతపు బకాయిలకై సిపాయిలు తమ దొరలపైననే తిరుగబడిరి. ఇంగ్లీషువారు ఆ అదను చూచి, దాదాపు నెత్తురు చిందకుండ ఆ సేనను రద్దుచేయించిరి. నిజాముకు వారి సేనయే దిక్కయ్యెను. దాని ఖర్చు కింద 1800లో బళ్లారి, కడప ప్రాంతములు కుంఫిణీకి దత్తమయ్యెను. దత్తమండలము లన్న పేరు అట్లు పుట్టినదే. 1853లో కంటింజెంటు సేన బకాయిల కొరకు బీరారును అప్పగించిరి. అప్పటినుండి ఆదిలాబాదు సీమకు ఉత్తరమున పెన్‌గంగ అవతలి ఒడ్డు పరాధీనమయ్యెను.

విమానముల కాలమునను ఈ మోజు తీరలేదు. 1948లో సిడ్నీ కాటన్ అను ఆస్ట్రేలియా వైమానికుడు లంకాస్ట్రియన్ విమానములలో కరాచీ నుండి రాత్రివేళల హైదరాబాదు రాజ్యమునకు ఆయుధములు చేరవేసెను. సెప్టెంబరు 13న భారతసేనలు ప్రవేశించెను. 17న నిజాము లొంగెను. కొని తెచ్చిన తుపాకులు రాజ్యమును అయిదు దినములకు మించి నిలుపలేదు.

నేటి కంపెనీలు సీమలు కోరవు. డాలర్లు పుచ్చుకొని పాఠము చెప్పి పోవును. ఈ భేదము చిన్నది కాదు. అయినను ఒక ప్రశ్న మిగిలియున్నది. శత్రువు ఎత్తులను ఎరిగిన గురువులు ప్రభుత్వ కొలువు విడిచి కంపెనీలలో చేరినచో, సేన తన విద్యను తానే మరల మరల కొనుక్కొనవలసి వచ్చును. భారత వాయుసేన ఈ విద్యకై 1971లోనే తన సొంత సంస్థను నెలకొల్పినది. అది గ్వాలియరులో నున్నది.

ఆదిలాబాదులో నిజాము నాటి విమానక్షేత్రము నేటికిని కలదు. అచటి పిల్లలు రేపు వైమానికులు కావచ్చును. వారికి విద్య నేర్పువారెవరు, ఆ విద్య చివరకు ఎవరి యింట నిలుచును అన్నది అద్దె లెక్క కంటె ముందుగా చూడవలసిన లెక్క. సర్కారులు, దత్తమండలములు, బీరారు మనకు చెప్పు పాఠ మిదియే.