సీసాలో తోడు, గంజికుండలో పులుపు

పోయిన అక్టోబరులో ఒకరోజు పొద్దున్నే మా అమ్మాయి మిషిగన్ నుంచి వీడియో కాల్ చేసింది. చేతిలో ఒక గాజు సీసా. అందులో బుడగలు బుడగలుగా పొంగుతున్న పిండి.

"అమ్మా, ఇది సోర్‌డో స్టార్టర్. రోజూ కొంచెం పిండి, కొంచెం నీళ్లు పెట్టాలి. ఎక్కువైంది తీసి ఆపిల్ కుకీలు చేశా. దాల్చినచెక్క, జాజికాయ వేసి. మెత్తగా ఎంత బాగొచ్చాయో!"

అక్కడ అది ఆపిల్ కోతల కాలం. తోటకి పోయి బుట్టెడు కోసుకొచ్చుకున్నారట. ఊరికెళ్తే ఆ సీసాని పక్కింటివాళ్లకి అప్పజెప్పి వెళ్తుందట. "పిల్లికి పాలు పోయమని చెప్పినట్టు పిండికి పిండి పెట్టమని చెప్పి పోతావా?" అని నేను నవ్వాను.

మా అత్త పక్కనే కూర్చుని శెనక్కాయలు ఒలుస్తోంది. ఫోన్లోకి తొంగి చూసి, "అది గంజికుండే కదా! అమెరికాకి పోయి దాన్నే పెట్టుకున్నెరా?" అని, చాట పక్కన పెట్టి లేచి వెళ్లిపోయింది. మనవరాలి ఫోనొస్తే ఆఖరిదాకా కదలని మనిషి! నాకర్థం కాలేదు.

ఆ కోపం వెనకున్న కథ తెలుసుకోడానికి నాకు వారం పట్టింది. మా జిల్లా చరిత్ర సగం అందులోనే ఉంది.

మా అత్తవారిది కళ్యాణదుర్గం వైపు పల్లె. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు అటూ ఇటూ వాన పడే నేల మాది. అదీ నమ్మకం లేదు. కాబట్టి పూర్వం రాగి, కొర్ర, జొన్న, సజ్జ పండించేవాళ్లు. వరి బువ్వ పండక్కే. మా అత్తకి అత్త, అంటే మా ఇంటి పెద్దవ్వ, పొయ్యి పక్కన ఒక మట్టికుండ పెట్టుకునేదట. రాగిపిండి కాచిన గంజి అందులో పోస్తే రాత్రికి రాత్రే పులిసేది. పొద్దున తాగినంత తాగి, అడుగున ఇంత మిగిల్చి, మళ్లీ కొత్త గంజి పోసేది. కుండ ఎప్పుడూ పూర్తిగా ఖాళీ అవ్వదు. కోస్తావాళ్ల తరవాణి కూడా ఇంచుమించు ఇదే. వాళ్లది బియ్యపు గంజి, మాది రాగి గంజి.

సీసాలో జరిగేదీ కుండలో జరిగేదీ ఒకటే. పిండిలోనూ చుట్టుపక్కలా ఉండే ఈస్టు, లాక్టిక్ ఆమ్లం తయారుచేసే బాక్టీరియా చేరి పులియబెడతాయి. పెరుక్కి మనం వేసే తోడు కూడా అలాంటిదే. స్టార్టర్ని తెలుగులో ఏమంటారమ్మా అని మా అమ్మాయి అడిగితే నాకు వెంటనే తోచిన మాట అదే. పక్కింట్లో అడిగి తెచ్చుకునే తోడు. కాకపోతే మాది రొట్టె ఎందుకు కాలేదంటే, రాగికీ జొన్నకీ గోధుమలాగా జిగురు ఉండదు. పొంగిన గాలిని పట్టి ఉంచలేవు. మాకు పొయ్యిలే గాని ఓవెన్లూ లేవు. అందుకే మా పులుపు కుండలోనే ఉండిపోయింది.

బ్రెడ్డు తెల్లదొరలతో వచ్చింది. మద్రాసులో బేకరీవాళ్లు పిండిని కల్లుతో పులియబెట్టేవాళ్లు. కర్నల్ కెన్నీ హెర్బర్ట్ అనే ఆయన 'కలినరీ జాటింగ్స్ ఫర్ మద్రాస్' అని వంటపుస్తకం రాశాడు. కల్లు మానేసి బేకింగ్ పౌడర్ వాడండని దొరసానులకి సలహా ఇచ్చాడు. ఆ పుస్తకం వచ్చింది 1878లో. ఆ సంవత్సరం చూడగానే నాకు చదవబుద్ధి కాలేదు. 1876 నుంచి 1878 దాకా మా నేల మీద ధాత కరువు. అప్పటికింకా అనంతపురం జిల్లా లేదు, బళ్లారి జిల్లాలో భాగం. 1882లో విడదీశారు. ఆ కరువులో సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి, సహాయ పనుల్లో రోజంతా రాళ్లు కొట్టిన మగమనిషికి కూలి 450 గ్రాముల గింజలు, ఒక అణా చాలన్నాడు. ఆడవాళ్లకి ఇంకా తక్కువ. మద్రాసు ఆరోగ్యాధికారి డాక్టర్ కార్నిష్ అది మనిషి బతకడానికి సరిపోదని పోట్లాడితే తర్వాత కొంచెం పెంచారు. ఒకే రాజధాని కింద, ఒకే కాలంలో, ఒక ఇంట్లో బ్రెడ్డు మెత్తగా రావాలంటే ఏం వేయాలన్న చర్చ, ఇంకోచోట మనిషికి ఎన్ని గ్రాములు చాలన్న లెక్క.

బేకరీ రుచి మా వైపుకి బెంగళూరు నుంచి వచ్చింది. హాసన్ వైపు అయ్యంగార్లు అక్కడ పెట్టిన బేకరీల పేరు మా ఊళ్ల బోర్డుల మీదికీ ఎక్కింది. అయినా నా చిన్నప్పుడు బ్రెడ్డు జ్వరమొస్తేనే. ఆపిలూ అంతే. శామ్యూల్ స్టోక్స్ అనే అమెరికన్ 1916లో హిమాచల్‌లోని కోట్‌గఢ్‌కి తెచ్చిన ఎర్ర డెలిషియస్ రకం మా దాకా రావడానికి చాలా ఏళ్లు పట్టింది. వచ్చినా ఆస్పత్రి మంచం పక్క సంచిలోనే కనబడేది. "ఎవరికి బాగలేదు?" అని అడగాల్సిన పండు.

ఇక మా అత్త కథ. 1952 కరువులో ఆమెకి ఆరేళ్లు. రాయలసీమంతా ఊరూరా గంజి కేంద్రాలు తెరిచారు. వాళ్లమ్మ చేతికి ఒక సత్తు చెంబిచ్చి వరసలో నిలబెట్టేది. "మేము సేద్యగాళ్లం మా. మా నాయన వరసలోకి రాల్యా. సిగ్గు. మమ్మల్ని పంపిచ్చె" అంది. ఎండలో గంటలు నిలబడితే గరిటెడు గంజి. ఒకరోజు చెంబు చెయ్యిజారిందట. మళ్లీ పొయ్యలేదు. ఆ వాసన ఇప్పటికీ ముక్కులోనే ఉందంది.

పెళ్లయి ఈ ఇంటికొస్తే పొయ్యి పక్కన అదే వాసన! పెద్దవ్వకి ఆ కుండ ప్రాణం. మా అత్త ఏమీ అనలేక ఇరవై ఏళ్లు దానికి గంజి పోసింది. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చింది. మాకూ కార్డు వచ్చింది. రోజూ వరి బువ్వ! అప్పటికే చేలల్లో కొర్ర, రాగి పోయి శెనక్కాయ నిండుతోంది. నూనెగింజలకి ధర ఉంది. 1986లో నూనెగింజల టెక్నాలజీ మిషన్ వచ్చాక ఇంకా పెరిగింది. బియ్యం వచ్చిన మొదటి వారమే మా అత్త కుండని తీసుకుపోయి దిబ్బలో పగలగొట్టింది. పెద్దవ్వ ఆ రోజంతా అన్నం ముట్టలేదట. "మా అత్త నాకిచ్చిన కుండ మేయ్ అది" అని ఒక్క మాట అని ఊరుకుందట.

"తప్పు చేస్తినేమో అని ఇప్పుడనిపిస్తుంది" అంది మా అత్త. "కానీ ఆ పొద్దు నాకు శానా సంతోషమైంది."

నేనేం చెప్పగలను? ఇప్పుడందరం చిరుధాన్యాలు గొప్ప అంటున్నాం. ఐక్యరాజ్యసమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరం అంది. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్‌వాళ్లు ఎన్నో ఏళ్లుగా రైతుల చేత మళ్లీ కొర్రలు వేయిస్తున్నారు. మంచిదే. వాన తప్పితే శెనక్కాయ చేసే మోసం మా ఇంట్లోనూ చూశాం. కానీ ఆ రెండు రూపాయల బియ్యాన్ని వెక్కిరించడానికి మాత్రం నాకు నోరు రాదు. గరిటెడు గంజికి నిలబడినవాళ్లకి తెల్లన్నం అంటే రుచి కాదు, పరువు. మా అమ్మాయి సీసా సరదా. మా పెద్దవ్వ కుండ అవసరం. పిండి ఒకటే అయినంత మాత్రాన రెండూ ఒకటి కావు.

అయినా నాకు చెయ్యి ఊరుకోలేదు. రాగిపిండి రెండు చెంచాలు దోసెపిండిలా కలిపి, పొద్దునా సాయంత్రం చెంచాడు చొప్పున పిండి, నీళ్లు పోశాను. మా ఎండకి మూడో రోజుకే బుడగలొచ్చాయి. (రంగు మారినా కుళ్లు వాసనొచ్చినా పారేయండి. పుల్లటి వాసన మాత్రమే రావాలి.) మొదట మన గుట్టల్లో పండే సీతాఫలం వేద్దామనుకున్నాను. మన శరత్కాలపు పండు అదే కదా! ఓవెన్లోంచి తీసి కొరికితే చేదు. వేడి తగిలితే ఆ గుజ్జు చేదెక్కుతుందని అప్పుడు తెలిసింది. పది కుకీలు చెత్తబుట్టకే. రెండోసారి బుద్ధిగా ఆపిల్ తెచ్చాను.

కొలతలు: పులిసిన రాగిపిండి 100 గ్రాములు, పొడి రాగిపిండి 100, గోధుమపిండి 100, బెల్లం పొడి 100, వెన్న 80, ఒక ఆపిల్ తురిమి పిండిన కోరు, దాల్చినచెక్క పొడి ఒక చెంచా, శొంఠి అర చెంచా, రెండు లవంగాల పొడి, చిటికెడు జాజికాయ, చిటికెడు ఉప్పు, పావు చెంచా వంటసోడా. వెన్న, బెల్లం గిలకొట్టి, పులిసిన పిండి, ఆపిల్ కలిపి, ఆఖర్న పొడులన్నీ వేయండి. సోడా పులుపుతో కలిసి పొంగుతుంది. మెత్తదనం దానివల్లే. జిగురు అక్కర్లేదు కాబట్టి రాగికి రొట్టె కంటే కుకీ బాగా కుదురుతుంది. 180 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు. నడుమ ఇంకా మెత్తగా ఉన్నప్పుడే తీసేయండి.

మా అత్తకి పెట్టాలా వద్దా అని కాసేపు ఆలోచించాను. పళ్లెంలో రెండు పెట్టి ఆమె మంచం పక్కన ఉంచి వచ్చేశాను. అరగంటకి చూస్తే ఒకటి లేదు.

"ఎట్లుంది అత్తా?"

"పులుపు చాల్లే. ఇంకో రోజు ఆగాల్సింది" అంది. కాసేపాగి, "పెద్దవ్వ అయితే ఇట్ల తొందరపడదు" అంది.

ఆ సాయంత్రం నేను మరిచిపోతే గిన్నెలో పిండి ఆమే పోసింది.