కడుపు దాటాక జరిగే కథ

మా మందుల షాపులో రోజు మొత్తం మీద ఎక్కువసార్లు వినపడే మాట "తిన్నాక వేసుకోండి". మిరప కోతల రోజుల్లో గుంటూరు చుట్టుపక్కల పల్లెల నుంచి కూలీలు నడుం నొప్పికి, కీళ్ల నొప్పికి బిళ్ళలు అడుగుతారు. స్ట్రిప్ కత్తిరించి కాగితం కవరులో వేసి, పైన ఆ మాటే రాసిస్తాను. నాకు ముందు ఈ కౌంటరు దగ్గర కూర్చున్న మా నాన్నగారూ అదే రాసిచ్చేవారు. ఇంతగా పాతుకుపోయిన నియమం ఎక్కడ పుట్టిందో వెతుక్కుంటూ పాత వైద్య పత్రికలు చదివాను. అది కడుపును చూసి పెట్టుకున్న నియమమని, కడుపు కిందున్న చిన్నపేగు సంగతి అందులో లేదని అర్థమైంది.

నొప్పి మందుల చరిత్ర విల్లో చెట్టు బెరడుతో మొదలవుతుంది. ఆ బెరడు పొడి చలిజ్వరాన్ని తగ్గిస్తోందని 1763లో ఎడ్వర్డ్ స్టోన్ అనే ఇంగ్లండు మతాచార్యుడు రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. 1876లో స్కాట్లండులోని డండీలో థామస్ మాక్లగన్ అనే డాక్టరు ఆ చెట్టులోని సాలిసిన్‌ను కీళ్లవాత జ్వరానికి వాడి గుణం చూపించాడు. తర్వాత వాడుకలోకి వచ్చిన సాలిసిలేట్లు నొప్పి తగ్గించేవి గానీ, పెద్ద మోతాదుల్లో మింగినవాళ్లకు కడుపులో వికారం, మంట. 1897లో జర్మనీలోని బేయర్ కంపెనీలో ఫెలిక్స్ హాఫ్‌మన్ ఎసిటైల్ సాలిసిలిక్ ఆమ్లాన్ని తయారు చేశాడు. 1899 నుంచి అది ఆస్పిరిన్ పేరుతో లోకమంతా పాకింది.

ఆస్పిరిన్ కడుపుకు ఏం చేస్తుందో కళ్లతో చూడటానికి మాత్రం దాదాపు నలభై ఏళ్లు పట్టింది. 1932లో షిండ్లర్, వోల్ఫ్ అనే ఇద్దరు కలిసి కొద్దిగా వంగే గొట్టం తయారు చేశాకే డాక్టర్లు బతికున్న మనిషి కడుపులోకి భయం లేకుండా తొంగిచూడగలిగారు. 1938లో లండన్‌లో డౌత్‌వెయిట్, లింటాట్ అనే డాక్టర్లు అలా చూసి, ఆస్పిరిన్ తగిలినచోట కడుపు లోపలి పొర ఎర్రబడుతోందని లాన్సెట్ పత్రికలో రాశారు. బిళ్ళ తగిలితే మంట పుడుతుందని తేలింది కాబట్టి, మధ్యలో అన్నం ఉంటే తగలదన్న ఆలోచన అందరికీ సబబుగా తోచింది. బిళ్ళ కడుపులో కరగకుండా పేగులోకి వెళ్లి కరిగేలా పైన పూత పూయడం వెనకా ఇలాంటి ఆలోచనే ఉంది.

1971లో జాన్ వేన్ అనే శాస్త్రవేత్త అసలు కీలకం పట్టుకున్నాడు. ఆస్పిరిన్, ఆ కోవకు చెందిన నొప్పి మందులు ఒంట్లో ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారు కాకుండా ఆపుతాయి. నొప్పీ వాపూ పెంచేవి ఆ ప్రోస్టాగ్లాండిన్లే, కడుపు గోడనూ పేగు గోడనూ కాపాడేవీ అవే. అంటే బిళ్ళ గోడకు తగలకపోయినా, మందు రక్తంలో కలిస్తే చాలు, ఆ కాపలా సన్నగిల్లుతుంది. ఈ పనికి 1982లో ఆయనకు మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

అప్పటికే ఎలుకలు ఇంకో సంగతి బయటపెట్టి ఉన్నాయి. ఆ కోవకే చెందిన ఇండోమెథాసిన్ అనే మందును పస్తు ఉంచిన ఎలుకకు ఇస్తే కడుపులో పుండ్లు పడ్డాయి, చిన్నపేగు మాత్రం బాగానే ఉంది. మేత తిన్న ఎలుకకు అదే మందు ఇస్తే కడుపు చాలావరకు బాగానే ఉంది గానీ చిన్నపేగు పుండ్లమయమైంది. రక్తనాళాలు పేగులోకి దిగే వైపున, వరసగా పొడవాటి పుండ్లు. మందును నోట్లో వేయకుండా చర్మం కింద సూదితో ఎక్కించినా ఇదే జరిగింది. పైత్యరస నాళాన్ని కట్టేస్తే పుండ్లు పడలేదు. 1977లో రాబర్ట్, అసానో అనే పరిశోధకులు ఏ సూక్ష్మజీవీ లేకుండా పెంచిన ఎలుకల మీద పరీక్షిస్తే వాటి పేగులు ఈ మందును బాగా తట్టుకున్నాయి.

ఇవన్నీ కలిపి చూస్తే దారి తెలుస్తుంది. తిండి పడగానే పైత్యరసం కారుతుంది. ఇండోమెథాసిన్, డైక్లోఫెనాక్ లాంటివి కాలేయం గుండా ఆ రసంలో కలిసి మళ్లీ పేగులోకే వస్తాయి. కాపలా లేని గోడను మందు, పైత్యరసం, సూక్ష్మజీవులు మూడూ కలిసి కొరుకుతాయి. జపాన్‌లో హిరోషి సతో అనే పరిశోధకుడు ఇంకా లోతుకు వెళ్లి, తిండిలోని పీచు మీద పరీక్షలు చేశారు. పీచు తీసేసిన మేత పెడితే ఎలుకల పేగుల్లో పుండ్లు బాగా తగ్గాయి. అందులో నీళ్లలో కరగని సెల్యులోజ్ కలిపితే మళ్లీ పెరిగాయి.

మనుషుల చిన్నపేగు ఇరవై అడుగుల చీకటి సొరంగం. పైనుంచి వెళ్లే మామూలు గొట్టానికీ కింద నుంచి వెళ్లే మామూలు గొట్టానికీ అందులో చాలా భాగం అందదు. 1980లలో లండన్‌లో ఇంగ్వర్ బ్యార్నసన్ బృందం తెల్ల రక్తకణాలకు రేడియోధార్మిక గుర్తు పెట్టి, ఈ మందులు వాడేవాళ్ల పేగుల్లో వాపు ఉందని చూపింది. 1992లో వచ్చిన శవపరీక్షల అధ్యయనంలో మందు వాడినవాళ్లలో 8.4 శాతం మందికి చిన్నపేగు పుండ్లు కనిపించాయి. వాడనివాళ్లలో 0.6 శాతమే. ఆ తర్వాత మింగే కెమెరా బిళ్ళ వచ్చింది. 2005లో ఆ కెమెరాతో చూస్తే, మూడు నెలలకు పైగా ఈ మందులు వాడినవాళ్లలో 71 శాతం మందికి చిన్నపేగులో గాయాలున్నాయి. అదే ఏడాది ఇంకో పరీక్షలో ఆరోగ్యవంతులకు రెండు వారాలు డైక్లోఫెనాక్ ఇచ్చారు. తోడుగా మనం గ్యాస్ బిళ్ళ అనే ఒమెప్రజోల్ కూడా ఇచ్చారు. అయినా 68 శాతం మందికి పేగులో కొత్తగా గాయాలు పడ్డాయి. గ్యాస్ బిళ్ళ కడుపు ఆమ్లాన్ని తగ్గిస్తుంది. పేగులో పుండు పుట్టేది ఆ ఆమ్లం వల్ల కాదు.

2012లో రెయిన్స్‌ఫర్డ్ అనే పరిశోధకుడు, పైన చెప్పిన బ్యార్నసన్ కలిసి పాత ఆధారాలన్నీ తిరగేశారు. తిండితో కలిపి వేసుకుంటే పుండ్లు తప్పుతాయనడానికి గట్టి రుజువు దొరకలేదని, పైగా మందు పనిచేయడం ఆలస్యమై జనం ఇంకో బిళ్ళ వేసుకునే ప్రమాదం ఉందని రాశారు.

నెలల తరబడి నొప్పి బిళ్ళ వాడే ఒక పెద్దావిడను మానమంటే, "అన్నం తినే ఏసుకుంటన్నా గదయ్యా, ఇంకేమవుద్దీ?" అంది. ఆవిడ కనురెప్ప కింద తెల్లగా పాలిపోయి ఉంది. కడుపులో మంట లేదు, నొప్పి లేదు. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ బాగా తక్కువ వచ్చింది. పేగు పుండు నుంచి కొంచెం కొంచెంగా రక్తం పోతుంటే మనిషికి తెలిసేది ఆయాసంతో, నీరసంతోనే. ఆవిడకు ధైర్యమిచ్చింది మా కవరు మీది రాత.

పరగడుపున మింగమని నేను అనడం లేదు. పస్తున్న ఎలుక కడుపులోనూ పుండు పడింది. ఎలుకకు జరిగినదంతా మనిషికి అచ్చం అలాగే జరుగుతుందనీ కాదు. నేను చెప్పేది ఒక్కటే: అన్నం ఈ మందుకు విరుగుడు కాదు. పేగును కాపాడేవి తక్కువ మోతాదు, తక్కువ రోజులు. పారాసిటమాల్‌తో తగ్గే నొప్పికి దాంతోనే సరిపెట్టుకోవాలి. ఆస్పిరిన్ కోవకు చెందిన నొప్పి బిళ్ళలు రెండు రకాలు కలిపి వేసుకోకూడదు. వారాల తరబడి వాడక తప్పనివాళ్లు డాక్టరుకు చూపించుకుంటూ రక్తం పరీక్ష చేయించుకోవాలి. విరేచనం నల్లగా అయితే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. ఇప్పుడు నేను కవరు మీద "తిన్నాక" అన్న మాట కింద ఎన్ని రోజులో కూడా రాస్తున్నాను. రోజులు అయిపోయాక మళ్లీ అవే బిళ్ళలు అడిగితే, ఇచ్చే ముందు కూర్చోబెట్టి ఎందుకని అడుగుతున్నాను. మందు అమ్మే ప్రతివాళ్లూ ఆ ఒక్క ప్రశ్న అడగాలి.