కుండ వేడి ఎరిగిన చేతులు

హనుమాన్ జంక్షన్ నుంచి నూజివీడు దాకా మామిడి ఊళ్లలో వేసవి అంటే వేడిని పాలించడమే. కాయ మగ్గాలంటే గడ్డిలో వేడి నిలవాలి. తరవాణి కుండకు నీడ లేకపోతే పులుపు మితిమీరుతుంది. ఈ లెక్కలు ఆడవాళ్ల చేతులకు తెలుసు, కాగితం మీదికి ఎక్కలేదు.

బీరుదీ ఇదే సమస్య. ఏల్ రకం ఈస్టుకు సుమారు 18–22 డిగ్రీలు చాలు. పులిసేటప్పుడు ఈస్టే వేడి పుట్టిస్తుంది కనుక పాత్ర లోపల గదికన్నా కొన్ని డిగ్రీలు ఎక్కువే. అందుకే కొలవాల్సింది గదిని కాదు, పాత్రను. మొదటి రెండు మూడు రోజులు వేడెక్కితే ఘాటు రుచులు దిగుతాయి, తర్వాత చల్లబరిచినా పోవు. తడిగుడ్డ పొడిగాలిలోనే బాగా పనిచేస్తుంది. కోస్తా ఉక్కలో పాత్రను నీళ్ల తొట్టెలో దించి మంచు సీసాలు మార్చాల్సిందే.

ఇంగ్లండులో 1300 నాటికి ఏల్ కాచి అమ్మడం ఎక్కువగా స్త్రీల పని. 1600 నాటికి అది మగవాళ్ల వ్యాపారమైందని జుడిత్ బెనెట్ 1996లో నిరూపించారు. 1870లలో కార్ల్ లిండె శీతల యంత్రం వచ్చాక చల్లదనం కూడా పెట్టుబడి ఉన్నవాడి సొత్తయింది.

మనకు ఈ చరిత్ర చెప్పుకోవడం కష్టం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరగబడ్డారు, ఉద్యమం రాష్ట్రమంతా పాకింది, 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. వాళ్లు ఎదిరించింది ప్రభుత్వం వేలం పాడి ఊరూరా దించిన సరుకును. ఆ పోరాటాన్ని గౌరవిస్తూనే, కుండ దగ్గరి జ్ఞానాన్నీ స్త్రీల చరిత్రలో రాసుకోవాలి.