మొయిరా అంటే వంతు

గ్రీకు విషాదాంత నాటకాల మీద తెలుగులో ఎవరు రాసినా ‘విధి’ అన్న మాట లేకుండా రాయరు. దాని వెంటే ‘విధి చేతిలో కీలుబొమ్మ’ వచ్చి కూర్చుంటుంది. ఈడిపస్ తండ్రిని చంపుతాడని, తల్లిని పెళ్ళాడతాడని ముందే రాసిపెట్టి ఉంది, తప్పించుకోబోయి అందులోనే పడ్డాడు, పాపం. ఇంతే సంగతి అయితే సోఫోక్లీస్ పదిహేను వందల పైచిలుకు పంక్తులు రాయాల్సిన అవసరం లేదు.

మనం ‘విధి’ అని దించేసే చోట గ్రీకులో చాలాసార్లు కనిపించే మాట మొయిరా. దాని అసలు అర్థం వంతు. వంతు అందుకోవడాన్ని చెప్పే ‘మెయిరొమై’ అన్న క్రియ, భాగాన్ని చెప్పే ‘మెరోస్’ అన్న నామం దీని తోబుట్టువులు. ‘ఒడిస్సీ’ 14వ భాగంలో పందుల కాపరి యుమయస్ తన గుడిసెలో, బిచ్చగాడి వేషంలో వచ్చిన యజమానికి, అతడెవరో తెలియకుండానే, రాత్రి భోజనం పెడతాడు. పంది మాంసం కాల్చి ఏడు వంతులు వేస్తాడు. ఒకటి వనదేవతలకూ హెర్మెస్‌కూ తీసిపెట్టి, మిగతావి మనుషులకు పంచుతాడు. వెన్నుముక్క మాత్రం గౌరవంగా అతిథికి. ఆ పంచడానికి హోమర్ వాడిన క్రియ మొయిరాలోంచి పుట్టిందే. ‘ఇలియడ్’ 15వ భాగంలో ఇదే మాట దేవతల ఆస్తి పంపకాల్లోకి ఎక్కుతుంది. క్రోనస్ కొడుకులు ముగ్గురూ చీట్లు వేసుకున్నారు. జ్యూస్‌కు ఆకాశం, పొసైడన్‌కు సముద్రం, హేడీస్‌కు పాతాళం వచ్చాయి. భూమి, ఒలింపస్ కొండ ఉమ్మడిగా ఉండిపోయాయి. యుద్ధంలోంచి తప్పుకొమ్మని జ్యూస్ కబురు పంపితే పొసైడన్‌కు ఒళ్ళు మండి, ఎంత బలవంతుడైనా తన మూడో వంతులో తనను ఉండమను అంటాడు. ఆ మూడో వంతు కూడా మొయిరాయే.

పుట్టిన ప్రతివాడికీ తప్పకుండా దక్కే వంతు ఒకటుంది. అందుకే హోమర్ కాలానికే మొయిరాకు చావు అన్న అర్థం కూడా స్థిరపడింది. హెసియడ్ దాన్ని ముగ్గురు దేవతలను చేశాడు: నూలు వడికే క్లోతో, చీటీ తీసే లాఖెసిస్, వెనక్కి తిప్పరాని అట్రొపొస్.

ఈ దారి మనకేమీ కొత్త కాదు. భాగంలోంచే భాగ్యం వచ్చింది, దౌర్భాగ్యమూ వచ్చింది. తెలుగులో ఇంకా దగ్గర మాట ‘పాలు’. పొలంలో పాలు ఉన్నవాడు పాలివాడు. ఇల్లు అగ్గిపాలైంది, రైతు అప్పుల పాలయ్యాడు, పరువు నవ్వుల పాలైంది అంటాం. ఆపదకు అప్పజెప్పిన వంతుగా మనిషిని లెక్కగడతాం. మొయిరాకు ‘విధి’ కన్నా ఇదే దగ్గర చుట్టం. విధి అంటే ఒకరు ఆజ్ఞాపించింది. తలరాత అంటే ఒకరు రాసింది. అక్కడ చేయి ఒక్కటే. పాలు అనగానే పక్కన పాలివాడు ఉంటాడు, మధ్యన గట్టు ఉంటుంది. గట్టు ఉన్నప్పుడు దాన్ని దాటేవాడూ ఉంటాడు.

గ్రీకులకు ఈ గట్టు బాగా తెలుసు. సభలో ఒకడు తగినట్టు మాట్లాడితే హోమర్ ‘కటా మొయిరన్’ మాట్లాడాడంటాడు, అంటే వంతు ప్రకారం. (మర్యాద అన్న మాటకూ మొదటి అర్థం హద్దే కదా!) దీనికి ఎదురుగా ‘హుపెర్ మోరన్’ ఉంది: వంతుకు మించి. ‘ఒడిస్సీ’ మొదట్లోనే జ్యూస్ దేవతల ముందు మనుషుల మీద ఫిర్యాదు చేస్తాడు. కీడంతా మా నుంచే వస్తోందంటారు, తమ మూర్ఖత్వంతో వంతుకు మించిన కష్టాలు తెచ్చుకునేది వాళ్ళేనని. ఏజిస్థస్ కథ చెబుతాడు: అగమెమ్నాన్ భార్యను చేరదీయవద్దు, అతన్ని చంపవద్దు అని ముందే హెర్మెస్‌ను పంపి హెచ్చరించాం, వినలేదు.

ఆ ఏజిస్థస్ కథనే క్రీ.పూ. 458లో ఏస్కిలస్ మూడు నాటకాలుగా ఏథెన్స్ రంగస్థలం ఎక్కించాడు. రెండో నాటకంలో అగమెమ్నాన్ కొడుకు ఒరెస్టెస్ కత్తి దూసి తల్లి ముందు నిలబడతాడు. ఆమె రొమ్ము చూపించి, ఇక్కడ పాలు తాగావు అంటుంది. వాడి చెయ్యి ఆగిపోతుంది. స్నేహితుడు పిలాడెస్‌ను అడుగుతాడు, ఏం చేయను అని. నాటకం పొడుగునా నోరు విప్పని పిలాడెస్ అప్పుడు మూడు పంక్తులు మాట్లాడతాడు: అపోలో ఆజ్ఞను గుర్తుచేస్తాడు. ఇక తల్లి వాదం. నీ తండ్రి హత్యలో మొయిరా కూడా ‘పరైటియా’ అంటుంది. అంటే నేరంలో భాగస్వామి. నేను చేయలేదని కాదు, నేనొక్కదాన్నే కాదని. కొడుకు ఆ వాదాన్ని కొట్టిపారేయడు. అలాగైతే ఈ చావును సిద్ధం చేసింది కూడా మొయిరాయేనని అదే కత్తి తిప్పి పొడుస్తాడు. నాకు తెలిసి విషాదనాటకంలో విధి గురించిన అతి పదునైన వాదం ఈ రెండు పంక్తులదే.

ఏస్కిలస్ ఈ మూడు నాటకాల్లో ‘కారకుడు’ అన్న మాట చుట్టూ ఉపసర్గలు మారుస్తూ తిరుగుతాడు. అనైటియోస్, ఏ పాపం లేనివాడు. మెటైటియోస్, పాలు ఉన్నవాడు. పనైటియోస్, మొత్తం తనదే అయినవాడు. మూడో నాటకంలో పగదేవతలు అపోలోను నిలదీసేది ఈ లెక్క మీదే: నువ్వు ఇందులో భాగస్వామివి కావు, మొత్తానికి నువ్వే కారకుడివి. మనిషి స్వతంత్రుడా, కాదా అన్న ప్రశ్న అక్కడ ఎవరూ వేయరు. ఈ పనిలో ఎవరి వంతు ఎంత అన్నదే తగువు. మన ‘ఇచ్ఛ’కు సరిగ్గా అతికే మాట కూడా ఆ గ్రీకులో లేదు, ఇష్టపడి చేసినవాణ్ణి ‘హెకోన్’ అని, చేయకతప్పక చేసినవాణ్ణి ‘అకోన్’ అని మాత్రం విడదీశారు. ఆలిస్ రేవులో ఎదురుగాలికి ఓడలు కదలక, కూతుర్ని బలివ్వడానికి ఒప్పుకున్న అగమెమ్నాన్ గురించి చెబుతూ ఏస్కిలస్ ఈ రెంటినీ కలిపేస్తాడు: తప్పనిసరి అనే కాడిని అతడే మెడకెత్తుకున్నాడట. కాడి బలవంతానిదే, తగిలించుకున్న చేతులు మాత్రం అతడివి.

ఇప్పుడు ఈడిపస్ దగ్గరికి రండి. తన కళ్ళు తానే పొడుచుకుని బయటికి వచ్చాక కోరస్ బృందం అడుగుతుంది, ఏ దేవుడు చేయించాడిది అని. ఈ బాధలను నెరవేర్చింది అపోలో, కళ్ళను కొట్టిన చెయ్యి మాత్రం నాది, ఇంకెవరిదీ కాదు అంటాడు. కళ్ళు పొడుచుకున్న వార్త తెచ్చిన సేవకుడు కూడా ఇవి ఇష్టపడి తెచ్చుకున్న కష్టాలని, అంటే ‘హెకోన్’ అని, ముందే వేరుచేసి చెప్పాడు. జోస్యంలో ఉన్నది తండ్రి చావు, తల్లితో పెళ్ళి. తన పుట్టుక గుట్టు విప్పమని ఆ జోస్యం చెప్పలేదు. జోస్యుడు టైరీసియస్ వద్దన్నాడు, తల్లీ భార్యా అయిన యొకాస్తా వద్దని బతిమాలింది, గొర్రెలకాపరి కాళ్ళావేళ్ళా పడ్డాడు. ముగ్గురినీ తోసేసి నిజం బయటికి లాగింది ఈడిపస్. నాటకంలో మన కళ్ళ ముందు జరిగేదంతా ఈ లాగడమే. అపోలో వంతు తెర లేవకముందే అయిపోయింది.

యూరిపిడీస్ ఇంకో అడుగు వేసి వంతులను మారకానికి పెట్టాడు. క్రీ.పూ. 438 నాటి ‘అల్సెస్టిస్’లో అపోలో మొయిరాలను ఏమార్చి, రాజు అద్మెతస్ బదులు ఇంకెవరైనా చచ్చిపోతే సరేనని ఒప్పిస్తాడు. అంతకుముందే ఏస్కిలస్ పగదేవతలు దెప్పారు, ముసలి దేవతలకు ద్రాక్షసారా పోసి మోసం చేశావని. తాగించి తిప్పగలిగిన విధిని కీలుబొమ్మలాటతో పోల్చడం కష్టం.

మరి కీలుబొమ్మ ఎక్కణ్ణుంచి వచ్చింది? నాటకాల తర్వాత వచ్చిన స్టోయిక్కుల నుంచి చాలావరకు. అదే ధాతువులోంచి ‘హెయిమర్మెనే’ అన్న మాట తీసుకుని, ఒక్క కొక్కెమూ ఊడని కారణాల గొలుసు అన్న అర్థం వాళ్ళు ఎక్కించారు. పంచిపెట్టినది కాస్తా బిగించినది అయింది. ఆ గొలుసు సిద్ధాంతంగా గట్టిదే కావచ్చు. దాన్ని అంతకు ముందు తరాల నాటకాల మెడకు తగిలించడం మాత్రం అన్యాయం.

గ్రీకు జనం నోట్లో అసలు అర్థం చెడిపోలేదు. మొయిరాను ఇప్పుడు ‘మీరా’ అని పలుకుతారు. అదృష్టం, తలరాత అన్న అర్థంలోనూ వాడతారు. కానీ పేకముక్కలు పంచినా, ఆస్తి పంచినా దానిలోంచి వచ్చిన ‘మీరాజో’ అన్న క్రియే. టాలెమీ వృత్తాన్ని 360 మొయిరాలుగా విడగొట్టినట్టే, బడిపిల్లలు ఇవాళ్టికీ లంబకోణానికి 90 మీరాలని రాస్తున్నారు.