మేయర్‌హాఫ్ స్కాలర్స్ కార్యక్రమం: డిగ్రీస్థాయి పరిశోధన - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయం, బాల్టిమోర్ కౌంటీ (యు.ఎం.బి.సి.)లో 1988లో మేయర్‌హాఫ్ స్కాలర్స్ కార్యక్రమం ఏర్పడింది. డిగ్రీ విద్యార్థులను పరిశోధకులుగా, నాయకులుగా తీర్చిదిద్దడం దాని లక్ష్యం. ఆ కార్యక్రమం పుట్టుకను, పనితీరును, 1996లో వచ్చిన మార్పును పరిశీలించి, మన డిగ్రీ కళాశాలలు దాని నుంచి గ్రహించదగిన అంశాన్ని సూచించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: ఉన్నత విద్య, డిగ్రీస్థాయి పరిశోధన, ప్రాతినిధ్యం, మార్గదర్శనం, నాయకత్వం.

1. ఉపోద్ఘాతం

పరిశోధన అనగానే పిహెచ్.డి. గుర్తుకురావడం మనకు అలవాటు. డిగ్రీ విద్యార్థి ఉన్న జ్ఞానాన్ని గ్రహించేవాడే తప్ప కొత్త జ్ఞానాన్ని వెలికితీసేవాడు కాడన్న భావన దీని వెనుక ఉంది. అమెరికాలో ఈ భావనను ప్రశ్నించిన తొలి ప్రయత్నాలలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ (ఎం.ఐ.టి.) 1969లో ఆరంభించిన డిగ్రీస్థాయి పరిశోధనావకాశాల కార్యక్రమం ముఖ్యమైనది. ప్రయోగశాల తలుపు డిగ్రీ విద్యార్థికి తెరుచుకుంది. అయితే ఆ తలుపుదాకా ఎవరు రాగలుగుతున్నారన్న ప్రశ్న మిగిలింది. మేయర్‌హాఫ్ కార్యక్రమం ఆ ప్రశ్నను నేరుగా ఎదుర్కొంది.

2. ఆవిర్భావ నేపథ్యం

ఈ కార్యక్రమ రూపశిల్పి ఫ్రీమన్ హ్రబౌస్కీ 1950లో అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో జన్మించాడు. 1963లో ఆ నగరంలో జాతివివక్షకు వ్యతిరేకంగా జరిగిన బాలల ప్రదర్శనలో పన్నెండేళ్ల వయసులో పాల్గొని, అయిదు రోజులు నిర్బంధంలో గడిపాడు. గణితం అభ్యసించి, ఇరవైనాలుగేళ్లకే పిహెచ్.డి. పొంది, 1987లో యు.ఎం.బి.సి.లో చేరాడు. 1992 నుంచి 2022 వరకు ఆ విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడిగా ఉన్నాడు.

విజ్ఞానశాస్త్ర కోర్సులలో నల్లజాతి విద్యార్థులు, ముఖ్యంగా యువకులు, వెనుకబడి ఉండటం ఆయనను కలచివేసింది. దాతలు రాబర్ట్, జేన్ మేయర్‌హాఫ్ దంపతులు ఆర్థికంగా అండగా నిలిచారు. 1989లో పందొమ్మిదిమంది నల్లజాతి యువకులతో తొలి బృందం చేరింది. 1990 నుంచి యువతులకూ ప్రవేశం లభించింది.

3. పనితీరు

ఎంపికైనవారు పాఠశాల స్థాయిలో ప్రతిభ చూపినవారే. అటువంటివారు కూడా కళాశాలలో మొదటి ఏడాదే గణితంలోనో, రసాయనశాస్త్రంలోనో తడబడి విజ్ఞానశాస్త్రాన్ని వదిలిపెడుతున్నారన్నది నిర్వాహకుల పరిశీలన. కనుక ఉపకారవేతనం ఒక్కటే సరిపోదని వారు గ్రహించారు.

తరగతులు మొదలుకాక ముందే ఆరువారాల వేసవి శిక్షణ ఉంటుంది. గణితంతో పాటు ఆఫ్రికన్ అమెరికన్ అధ్యయనాలను కూడా అందులో బోధించడం గమనార్హం. తన చరిత్ర తెలియకుండా విద్యార్థి నాయకుడు కాలేడన్న అవగాహన ఇందులో కనిపిస్తుంది. ఆపైన బృందాలుగా కలిసి చదవడం, ఆచార్యుల మార్గదర్శనం, ప్రయోగశాలలలో పరిశోధన, కుటుంబాల భాగస్వామ్యం ఈ విధానానికి మూలస్తంభాలు. ప్రధాన కోర్సులో సి గ్రేడు వచ్చినవారిని తిరిగి చదవమని ప్రోత్సహిస్తారు. తోటివాడు వెనుకబడితే అది బృందమంతటి బాధ్యత. నాయకత్వమంటే ఇక్కడ వేదికపై ప్రసంగించడం కాదు, పక్కవాడిని నిలబెట్టడం.

4. న్యాయపరమైన మలుపు

మేరీలాండ్ విశ్వవిద్యాలయపు కాలేజ్ పార్క్ ప్రాంగణంలో నల్లజాతివారికి ప్రత్యేకించిన బానెకర్ ఉపకారవేతనం చెల్లదని 1994లో ఫెడరల్ అప్పీలు న్యాయస్థానం తీర్పునిచ్చింది. ఆ తరువాత, 1996లో, మేయర్‌హాఫ్ కార్యక్రమం అన్ని నేపథ్యాలవారికీ ద్వారాలు తెరిచింది. అయితే విజ్ఞానరంగంలో తక్కువ ప్రాతినిధ్యం గల వర్గాల అభ్యున్నతి పట్ల ఆసక్తిని అర్హతగా నిలుపుకొంది. పుట్టుక స్థానంలో నిబద్ధత ప్రమాణమైంది. ఈ మార్పులో రాజీ ఉంది. మూలలక్ష్యాన్ని కాపాడుకోవాలన్న పట్టుదల కూడా ఉంది. ఏదో ఒకటే చూడటం చరిత్రకు న్యాయం చేయదు.

5. ఫలితాలు

ఎంపికై కూడా ఇతర విద్యాసంస్థలలో చేరినవారితో మేయర్‌హాఫ్ విద్యార్థులను పోల్చిన అధ్యయనాలు ఉన్నాయి. విజ్ఞానశాస్త్రాలలో పిహెచ్.డి. స్థాయికి చేరే అవకాశం మేయర్‌హాఫ్ విద్యార్థులకు దాదాపు అయిదు రెట్లు ఎక్కువని అవి తేల్చాయి. రెండు వర్గాల ప్రతిభా ఒకే స్థాయిది కనుక, తేడాకు కారణాన్ని వాతావరణంలోనే వెతకవలసి ఉంటుంది. కోవిడ్ టీకా పరిశోధనలో కీలకపాత్ర వహించిన కిజ్‌మీకియా కార్బెట్ ఈ కార్యక్రమంలో చదివినవారే. పెన్ స్టేట్, నార్త్ కరోలినా (చాపెల్ హిల్) విశ్వవిద్యాలయాలు కూడా ఈ నమూనాను స్వీకరించాయి.

6. మన సందర్భం

2020 జాతీయ విద్యావిధానం నాలుగేళ్ల డిగ్రీలో పరిశోధనకు చోటు కల్పించింది. యు.జి.సి. చట్రం ప్రకారం మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు సాధించినవారే నాలుగో ఏట పరిశోధనను ఎంచుకోగలరు. మేయర్‌హాఫ్‌లోనూ వడపోత ఉంది, కానీ ఆ వడపోత తరువాతే అసలు పని మొదలవుతుంది. మన విధానంలో మూడేళ్లు ఒంటరిగా నెగ్గుకొచ్చినవాడికే పరిశోధన అందుతుంది. ఇంటిలో మొదటిసారి కళాశాల గడప తొక్కిన విద్యార్థికి ఆ మూడేళ్లే కదా గండం! తెలంగాణ కళాశాల విద్యాశాఖ నిర్వహించే ‘జిజ్ఞాస’ విద్యార్థి అధ్యయన ప్రాజెక్టులు ఈ లోటును కొంత పూరించగలవు. తన ఊరి శాసనాన్నో, వృత్తిపదాలనో సేకరించే తెలుగు విద్యార్థికీ ఇది వర్తిస్తుంది.

7. ముగింపు

పరిశోధన ప్రతిభకు చివర ఇచ్చే బహుమతి కాదు, ప్రతిభను పెంచే సాధనం. మేయర్‌హాఫ్ చరిత్ర నిరూపించినది ఇదే. మొదటి సెమిస్టరులోనే ఒక చిన్న పరిశోధన, ఒక మార్గదర్శి, కలిసి చదివే ఒక బృందం: ఈ మూడింటిని సమకూర్చగలిగితే మన డిగ్రీ కళాశాలలలోనూ పరిశోధన కొద్దిమంది సొత్తుగా మిగలదు.