బందరు కోటయు బందరు బడియు

కృష్ణా మండలమందలి పెద్దలకు బందరు క్రొత్త ఊరు గాదు. వ్యాజ్యమునకో, పిల్లల చదువునకో ఒకమారైన అచటికి పోని కుటుంబ మరుదు. ‘బందరు’ అనునది పారసీక శబ్దము. దానికి రేవని యర్థము. ఊరిపేరే రేవైన యా పట్టణము, రేవు చెడిన పిమ్మట నేవిధముగా బ్రదికినదో నేడు విన్నవించెదను.

గోలకొండను కుతుబ్‌షాహీ సుల్తానులు పాలించిన కాలమున వారి రాజ్యమునకు ముఖ్యమైన రేవు మచిలీపట్నమే. అది లోతైన రేవు గాదు. పెద్ద యోడలు తీరమునకు దూరముగా లంగరు వేయవలెను. సరకునంతయు పడవలమీద చేర్పవలెను. అయినను దేశదేశముల వర్తకు లేల వచ్చిరి? వెనుకనున్న పల్లెలలోని నేతగాండ్ర, అద్దకపువారి చేతిపనికై వచ్చిరి. చిరివేరును పటికను చేర్చి ఎరుపును, ఇనుమును బెల్లమును ఊరవేసి నలుపును తీసి వారు వేసిన రంగులు ఉతికినకొలది నిగ్గుతేలెడివి. ఆ విద్య పెడనలో నేటికిని బ్రదికియున్నది.

1605వ సంవత్సరమున డచ్చివారు వచ్చిరి. 1611లో ‘గ్లోబు’ అను నోడమీద ఇంగ్లీషువారు వచ్చి వర్తకశాల నెలకొల్పిరి. చోళమండల తీరమున వారి తొలి స్థానములలో నిది యొకటి. చెన్నపట్టణపు కోట కప్పటికి పునాదియైనను పడలేదు. డచ్చివారి ప్రాభవమునకు నేడు గుర్తుగా మిగిలినవి వారి సమాధులు. వానిపై పేరులును, వంశచిహ్నములును చక్కగా చెక్కబడియున్నవి. ధనార్జనకై వేలకొలది క్రోసులు దాటి వచ్చినవారికి తుదకు మన నేలలో ఆరడుగుల చోటు దక్కినదని, ఆ రాళ్లను చూచినపుడు నాకు తోచెను.

ఇక కోట మాట. 1750లో బందరు ఫ్రెంచివారి వశమయ్యెను. 1758లో విజయనగర ప్రభువగు ఆనంద గజపతిరాజు సాయముతో ఇంగ్లీషు సేనాని ఫోర్డు చందుర్తికడ ఫ్రెంచివారి నోడించి, దక్షిణమునకు నడచి, బందరు కోటను ముట్టడించెను. లోపల కాన్‌ఫ్లాన్సు అను ఫ్రెంచి సేనాని యుండెను. ఫోర్డుకడ మందుగుండు తరిగిపోవుచుండెను. ఫ్రెంచివారికి మిత్రుడైన నిజాము సలాబతుజంగు సేనతో సమీపించుచుండెను. అట్టి స్థితిలో 1759 ఏప్రిలు 7వ తేదీ రాత్రి అతడు సాహసించెను. ఒక దండు బురదనేలమీదుగా పోయి వట్టి యలజడి సృష్టింపగా, తక్కినవారు వేరొక దిక్కున గోడలెక్కిరి. తెల్లవారునప్పటికి కోట చేజిక్కెను. పట్టుబడినవారి సంఖ్య పట్టుకొన్నవారి సంఖ్యను మించెను. పిమ్మట సలాబతుజంగు ఇంగ్లీషువారితో సంధిచేసికొని బందరును వారికి విడిచెను. ఒక్క రాత్రి పోరాటముతో తెలుగు తీరమునకు ప్రభువులు మారిరి. ఆ కోట గోడలును, ఆయుధశాలయు నేడు శిథిలములై యున్నవి.

మనుష్యుల ఫిరంగుల కాగిన పట్టణము సముద్రమున కాగలేదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి తుపాను గాలితో కెరటము లేచి ఊరిని ముంచి, మైళ్లకొలది లోపలికి చొచ్చుకొనిపోయెను. సుమారు 30,000 మంది గతించిరని లెక్కకట్టిరి. సీమనుండి మిల్లు బట్టలు దిగుటవలన అప్పటికే మగ్గము క్షీణించియుండెను. ఆ రెండు దెబ్బలతో రేవు పూర్వవైభవమును మరల చూడలేదు.

ఇట్టి ఊరు పాడుపడవలసినదే. కాని బందరు పాడుపడలేదు. ఏలయన, బడి నిలిచెను. క్రైస్తవ మతప్రచారమునకై వచ్చిన రాబర్టు నోబిలు 1843లో స్థాపించిన పాఠశాల కళాశాలగా పెరిగెను. అంతట ఊరివారే పూనుకొనిరి. 1902లో కృష్ణాపత్రిక వెలసెను; ముట్నూరి కృష్ణారావుగారు 1907 మొదలు 1945లో కీర్తిశేషులగువరకు దానిని నడపిరి. 1910లో కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరివారు, భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు కలిసి ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పిరి. అక్కడ పుస్తకవిద్యతోపాటు చేతిపనులును నేర్పిరి. పరాయి మిల్లులు చెరచిన చేతికి మరల గౌరవము కల్పించిరి. 1923లో పట్టాభిగారు ఈ ఊరనే ఆంధ్రా బ్యాంకును స్థాపించిరి. ఆ పేరు 2020లో యూనియన్ బ్యాంకులో లీనమైనను, తొంబదియారేండ్లు అది తెలుగువారి యక్కరకు వచ్చెను. ఫిరంగి నమ్మినవారి కోట కూలినది. అక్షరమును నమ్మినవారి పని తరతరములకు పంట పండినది.

అయ్యలారా, ఇందు మన కొక బాధ్యత కలదు. 1864 నాటి ఉప్పెనకును 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెనకును నడుమ 113 సంవత్సరములు. తాత చెప్పిన మాట మునిమనుమడు మరచుట కంతకాలము చాలును. 2023లో బందరున క్రొత్త రేవునకు పనులు ప్రారంభమైనవి. వర్తకము మరల వచ్చిన మంచిదే. అయితే రేవు ఈయగలదు, తీసికొనిపోనుగలదు. బందరు పోయినప్పుడు మీ పిల్లలకు కోటగోడను చూపుడు, కళాశాలను చూపుడు. మీ ఊర ఏ నీరు ఎంతవరకు వచ్చినదో మీ పెద్దలు చెప్పియున్నచో, ఆ చోటు చూపి చెప్పుడు. రాతిమీద లేని చరిత్ర పెద్దల నోటనే యున్నది. మీరు చెప్పకున్న నది మీతోనే పోవును.